మారెమ్మ పొట్టేలు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, గుండ్లపల్లి ఈరక్క మాత్రం పట్టగలదు. ఆ ముక్క ఆమె మొగుడు సుంకప్పకు తెలిసొచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో, రెండుసార్లు గట్టిగా అరిస్తే గానీ బస్సు ఆగని ఊరు గుండ్లపల్లి. ఊరి వెనకాల బోడిగుట్ట. పేరుకు తగ్గట్టే ఏళ్ళ తరబడి దాని నెత్తిన పచ్చని పోచ ఒకటి ఉండేది కాదు. మొలిచినదాన్ని మొలిచినట్టే ఊరి గొర్రెలూ మేకలూ కొరికేసేవి. కట్టెపుల్ల మిగిలితే ఊరి పొయ్యిలు మింగేవి. వాన పడితే నీళ్ళు గుట్ట మీద ఒక్క క్షణం నిలబడేవి కావు, ఎర్రమట్టిని వెంటబెట్టుకుని గబగబా కిందికి దిగి పక్క ఊరికి వెళ్ళిపోయేవి. ఎండాకాలం గుట్ట కిందున్న ఊటబావిలో కప్ప కాళ్ళు కడుక్కోవడానిక్కూడా నీళ్ళుండేవి కావు. ట్యాంకరు వచ్చిన రోజు ఊళ్ళో బిందెల యుద్ధం.

ఆ యుద్ధంలో గాజులు పగలగొట్టుకున్న ఆడవాళ్ళే ఒకనాడు కూచుని గుట్టకు మూత వేద్దామని తీర్మానించుకున్నారు. ఏ జీపూ రాలేదు, ఏ ఆఫీసరూ వచ్చి చెప్పలేదు. గుట్ట కమిటీ అని పేరు పెట్టుకుని, అందరిలోకీ గొంతు పెద్దదని ఈరక్కను పెద్దను చేశారు. జీవాలేవీ గుట్టెక్కకూడదు. గడ్డి విత్తనం రాలినాక ఎవరైనా కొడవలితో కోసుకుపోవచ్చు. కట్టె కొట్టకూడదు, సీతాఫలాలు మాత్రం అందరూ తెంపుకోవచ్చు. ఇంతే చట్టం.

చట్టం తప్పినవాళ్ళకు వేసే శిక్ష మాత్రం ఈరక్క బుర్రలో పుట్టింది. తప్పు చేసినవాడు గుట్ట వాలులో తన చేతులతో ఒక రాతికట్ట కట్టాలి, వాననీళ్ళు ఆగేట్టుగా. ఆ కట్టకు వాడి పేరే పెట్టాలి. మారెమ్మ గుడి ముందర ఊరంతా వింటుండగా కమిటీ పెద్దే ఆ పేరు ప్రకటించాలి. అట్లా మొదటి కట్టకు హనుమంతరాయుడి పేరు పడింది. ఆయన మేకలు గుట్టెక్కి మేసినందుకు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు తప్పులు చేసుకుంటూ వచ్చి గుట్టను బాగుచేశారు. ఆమధ్య చూడ్డానికి వచ్చిన ఒక కొత్త ఆఫీసరు రాళ్ళ మీద సున్నంతో రాసిన పేర్లన్నీ చదివి, ఈ దాతలను సన్మానించాల్సిందేనన్నాడు. హనుమంతరాయుడు ఏమాత్రం తడుముకోకుండా శాలువా కప్పించుకుని ఫోటో దిగాడు.

సుంకప్ప పేరు మాత్రం ఏ రాయి మీదా లేదు. ఉండదని కూడా ఆయన ధీమా. ఎందుకంటే ఈరక్క కాపురానికి వచ్చిన నాటినుంచి మొగుడి పేరు నోట పలికిన మనిషి కాదు. రేషను షాపులో అడిగినా, ఆస్పత్రిలో అడిగినా, పక్కనున్నామెను మోచేత్తో పొడిచి "నువ్వు చెప్పు మే" అనేది.

"నా పేరు చెప్పాల్సింది నా పెండ్లాము. ఆమె నోట నా పేరు రాదు. ఇంగ కట్ట యాడ పడతాది?" అని సుంకప్ప రచ్చబండ దగ్గర మీసం దువ్వేవాడు.

"అనా, కంచే చేను మేస్తే ఎట్లనా?" అనేవాడు హనుమంతరాయుడు.

"మేసినానా? ఇంగా మేయలే గదరా."

ఆ 'ఇంగా'లో ఉంది కథంతా.

సుంకప్పకు గొర్రెలు చాలానే ఉన్నాయి గానీ, ప్రాణమంతా ఒక్క పొట్టేలు మీదే. దాని పేరు యువరాజు. తల్లి ఈని చచ్చిపోతే, పిల్లను చంకలో పెట్టుకుని సీసాతో మేకపాలు పట్టి పెంచాడు. అది కూడా తను గొర్రెనన్న సంగతి మరిచిపోయినట్టే ఉండేది. సుంకప్ప టీకొట్టుకు పోతే వెంట పోయేది, ఆయన బన్ను తింటే సగం తనదే అన్నట్టు నిలబడేది. ఆ ఏడు వానలు బాగా పడి బోడిగుట్ట మీద బోదగడ్డి మోకాలెత్తు లేచింది. గాలికి ఊగే ఆ గడ్డిని కింద నుంచి చూస్తుంటే యువరాజుకు నోరూరిందో లేదో గానీ సుంకప్పకు ఊరింది.

"చూసినావా మే, గడ్డి ఎట్లుండాదో?" అన్నాడొకరోజు ఇంట్లో.

"ఇత్తనం రాలనీ. రాలినాంక కోసకరా. ఎవరొద్దన్నారు?" అంది ఈరక్క.

"కోసిన గడ్డి ఏం గడ్డి? చల్లారిన సంగటి మాదిరి. పొట్టేలన్నాక తలకాయ వంచి తానే కొరకల్ల."

"అట్లయితే నువ్వు కూడా చేన్లోకి పోయి నిలబడి రాగులు కొరుక్కో. నాకు సంగటి గెలికే పనన్నా తప్పుతాది."

సుంకప్పకు రోషం వచ్చింది. తాత తండ్రులు మేపిన గుట్ట అది. ఇప్పుడు దాని మీద కాలు పెట్టాలంటే పెళ్ళాం చట్టం. అట్లా ఉడికిపోతూ కూచున్నప్పుడు ఆయనకు తాత చెప్పిన మాట ఒకటి గుర్తొచ్చింది. వెనకటి రోజుల్లో దేవరకని మారెమ్మకు మొక్కి వదిలిన పొట్టేలు ఎవరి చేనులో పడి మేసినా ఎవరూ అదిలించేవాళ్ళు కారట. పైపెచ్చు దండం పెట్టి పక్కకు తప్పుకునేవాళ్ళట. ఆ పొట్టేలును దేవర పండగనాడు తల్లికి బలి ఇస్తారు, నిజమే. కానీ గుండ్లపల్లిలో దేవర జరిగి ఎన్నేళ్ళయిందో ముసలివాళ్ళకే గుర్తు లేదు. ప్రతి ఏడూ 'వచ్చే ఏడు చూద్దాం' అనుకోవడమే. అంటే మొక్కినవాడికి మొక్కిన పుణ్యం, మేపినవాడికి మేపిన లాభం. సుంకప్ప తన తెలివికి తానే మురిసిపోయి ఆ రోజు ఒక ముద్ద ఎక్కువ తిన్నాడు.

మంగళవారం పొద్దున్నే యువరాజుకు స్నానం చేయించి, నొసట పసుపూ కుంకుమా పెట్టి, మెడలో వేపమండల దండ వేసి మారెమ్మ గుడి ముందర నిలబెట్టాడు. జనం మూగారు. ఈరక్క కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"తల్లీ, ఈ పొట్టేలు నీది. నీ దేవర నాడు నీకే ఇస్తా. అంతదాంకా యాడ మేస్తాదో నీ ఇష్టం, దాని ఇష్టం," అన్నాడు సుంకప్ప ఊరంతా వినేట్టు.

మొక్కగానే సరికాదు, తల్లి ఒప్పుకోవాలి. దానికి ఆచారం ఉంది. పసుపునీళ్ళు పొట్టేలు మీద పోయాలి. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. గుడి చూసుకునే పాపమ్మ చెంబు అందించింది. సుంకప్ప చెంబు వంచాడు. వంచేటప్పుడు ఆయన బొటనవేలు కాస్త అడ్డం తిరిగింది, సన్నటి ధార ఒకటి పోయి సరిగ్గా యువరాజు చెవిలో పడింది. చెవిలో నీళ్ళు పడితే ఏ జీవమైనా ఊరుకుంటుందా? తల నుంచి తోక దాకా దడదడా విదిలించింది. ముందు వరుసలో ఉన్నవాళ్ళందరికీ పసుపు పడింది.

"ఒప్పుకున్న్యాది! తల్లి ఒప్పుకున్న్యాది!" అని జనం చేతులెత్తారు. ఈరక్క కూడా చేతులెత్తింది. కానీ ఆమె చూపు పొట్టేలు మీద లేదు, మొగుడి బొటనవేలు మీద ఉంది.

ఆ పూటే మారెమ్మ పొట్టేలు దర్జాగా బోడిగుట్ట ఎక్కింది. కాపలాకున్న ఆడవాళ్ళు చేతికర్రలు కింద పడేసి దండం పెట్టారు. సుంకప్ప కింద బండ మీద కూచుని, తల్లి పొట్టేలు ఎంత వయ్యారంగా మేస్తుందో చూసుకుంటూ బీడీ ముట్టించాడు.

దీన్ని ఇక్కడితో ఆపి ఉంటే ఆయన తెలివి తెలివిగానే మిగిలేది. కానీ ఒక గొర్రె దాటితే మిగతావి ఊరుకుంటాయా? మరుసటి రోజుకే హనుమంతరాయుడికి భక్తి పొంగింది. తన మేకలన్నిటికీ పసుపు పూసి మారెమ్మ పేరు చెప్పి గుట్టకు తోలాడు. ఆ తర్వాత ఊరంతా అదే వరస. నీళ్ళు పోయడాలూ ఒప్పుకోవడాలూ ఎవరూ పట్టించుకోలేదు, పసుపు పూస్తే చాలు. సుబ్బలక్ష్మమ్మ అంగడిలో పసుపు అయిపోయింది. పిల్లలు కూర పచ్చగా లేదని ఏడుస్తుంటే, బయట మేకలు మాత్రం పెళ్ళికూతుళ్ళ మాదిరి తిరుగుతున్నాయి. గుట్ట మీద బోదగడ్డి వెన్నుపట్టే వేళ. విత్తనం రాలకముందే ఆ పచ్చని మందలన్నీ మేసేస్తే, మళ్ళీ బోడి నెత్తే, మళ్ళీ ఎండిన బావే, మళ్ళీ బిందెల యుద్ధమే.

ఈరక్కకు కన్నీళ్ళొచ్చాయి. గుట్ట కింద ఊటబావి గట్టున కూచుని, నీళ్ళలో తన మొహం చూసుకుంటూ ఏడ్చింది. పోయిన ఎండాకాలం ఆ బావిలో నడుంలోతు నీళ్ళున్నాయి. అన్నేళ్ళలో మొదటిసారి ట్యాంకరు ఊళ్ళోకి రాలేదు. అదంతా చేత్తో తీసి పారేసినట్టు పోతుందే, అదీ తన ఇంటి మనిషి మూలంగానే అని ఆమె కడుపు మండింది. బాగా ఏడ్చి, చెంగుతో మొహం తుడుచుకుని, తిన్నగా పాపమ్మ ఇంటికి పోయింది.

సాయంత్రానికి గుడి ముందర ఊరు కూడింది. ఈరక్క అందరికీ వంగి దండం పెట్టింది.

"మీ భక్తి చూస్తాంటే నాకు ఒళ్ళు పులకరిస్తాండాదప్పా. ఇన్నేండ్లు మనం తల్లిని మర్చిపోయినాం. ఇన్ని జీవాలు ఇచ్చినాంక ఇంగా ఆలస్యం చేస్తే మంచిది కాదు. వచ్చే మంగళవారమే దేవర. పసుపు పూసిన జీవాలన్నీ తల్లికే. చుట్టుపక్కల ఊర్లకు కూడా చెప్పి పంపిస్తాండాం."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికంటే ముందు హనుమంతరాయుడు తేరుకున్నాడు.

"వదినా, నేను మొక్కలే. గోమార్లు పట్టి నెత్తురు పీలుస్తాంటే పసుపు పూసినా."

"మా మేకలకూ గోమార్లే!" అన్నాడు ఇంకొకడు.

"మావి దిష్టికి పూసినాం," అంది ఒకామె వెనకనుంచి.

తెల్లారేసరికి ఊటబావి దగ్గర మేకలకు స్నానాలే స్నానాలు. పసుపు కడుక్కున్న మందలన్నీ తలలు వంచుకుని ఎవరి దొడ్లోకి అవి పోయాయి. గుట్ట ఖాళీ అయింది, ఒక్క యువరాజు తప్ప. దానికి గోమార్ల వంక కుదరదు. ఊరంతా చూస్తుండగా మొక్కిందీ నిజమే, తల్లి ఒప్పుకుందీ నిజమే. దేవర మాత్రం ఆగలేదు. పైగా ఊరంతటికీ కలిపి ఒకే ఒక్క పొట్టేలు కాబట్టి దాని మీద అందరి కళ్ళూ పడ్డాయి. గుట్ట గడ్డి మేసి అది నిగనిగలాడుతోంది. హనుమంతరాయుడు ఎదురైనప్పుడల్లా దాని తొడ నిమిరి "అనా, బో కండ పట్టింది" అనేవాడు. ఆ మాటకు సుంకప్ప పొట్టేలును తన వెనక్కి లాక్కునేవాడు.

సుంకప్పకు నిద్ర పోయింది, తిండి పోయింది. దండలోని వేపాకు తినేసి తన భుజం మీద గడ్డం ఆనించుకుని నిలబడిన యువరాజును చూస్తే ఏడుపు తన్నుకొచ్చేది. చివరికి అభిమానం చంపుకుని ఈరక్క ముందర కూచున్నాడు.

"మే, ఏదన్నా దావ చెప్పవా?"

"తల్లి ఒప్పుకున్నాంక నేనెవర్తిని?" అంది ఆమె చెనక్కాయలు ఒలుస్తూ.

"సీసాతో పాలు పట్టినా మే. నీకు తెల్దా?"

ఈరక్క చేయి ఆగింది. ఆ సీసా కడిగింది ఎవరు మరి? కానీ గొంతులో మెత్తదనం బయటికి రానివ్వలేదు.

"సరే, తల్లినే అడుగుదాం. పొట్టేలు బదులు నువ్వు గుట్ట మీద రాతికట్ట కడతావని చెప్పుకుందాం. నీళ్ళు పోస్తే ఒళ్ళు విదిలించిందా, తల్లి సరేననిందనుకో. విదిలించలేదా, ఇంగ అంతే."

సుంకప్పకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. నీళ్ళు పోయడమే కదా! బొటనవేలు తన చేతికే ఉంది కదా!

మంగళవారం గుడి ముందర ఇసుక వేస్తే రాలనంత జనం. పక్కన రాళ్ళపొయ్యి మీద పెద్ద డేగిసా ఎక్కింది, మసాలా నూరిన వాసన వస్తోంది. సుంకప్ప ముందుకొచ్చి పాపమ్మ చేతిలోని చెంబు అందుకోబోయాడు.

"ఆగప్పా," అంది ఈరక్క. "ఇచ్చిన చెయ్యే తిరిగి అడగకూడదు. నీళ్ళు నేను పోస్తా."

చెంబు ఆమె చేతికి పోయింది. సుంకప్ప చాచిన చెయ్యిని వెనక్కి తీసుకున్నాడు. ఈరక్క తల్లికి దండం పెట్టి, నిదానంగా, చక్కగా యువరాజు వీపు మీద నీళ్ళు పోసింది. వీపు మీద బెత్తెడు ఉన్ని. నీళ్ళు ఉన్నిలో ఇంకిపోయాయి. యువరాజు నెమరు వేస్తూ నిలబడింది.

"ఇంగో చెంబు పోద్దాం," అంది ఈరక్క. అదీ వీపు మీదే. గుట్ట గడ్డి తిని బలిసిన పొట్టేలుకు ఎండలో చన్నీళ్ళు హాయిగా ఉన్నట్టున్నాయి. కళ్ళు సగం మూసుకుంది. జనంలో ఎవరో నిట్టూర్చారు, ఎవరో గుటక వేశారు. హనుమంతరాయుడు తన వాటా ముందు అందేట్టు కత్తి పట్టే మనిషికి ఎదురుగా పోయి నిలబడ్డాడు.

సుంకప్పకు తెలుసు, ఈ లెక్కన చెరువంతా పోసినా అది విదిలించదు. ఎక్కడ పోస్తే విదిలిస్తుందో కూడా తెలుసు. కానీ నోరు విప్పితే, ఊరంతా చూసిన ఆ మొదటి ఒప్పుకోలు దొంగదని తెలిసిపోతుంది. తల్లి పేరు చెప్పి ఆడిన నాటకమంతా బయటపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈరక్క మూడో చెంబు ఎత్తింది.

"ఇదే ఆఖరు," అంది.

యువరాజు కళ్ళు తెరిచి, ఇన్ని వందల మందిలో వెతుక్కుని, సుంకప్ప వైపు చూసి "మే" అని అరిచింది. బన్ను అడిగేటప్పుడు అరిచే అరుపు అది.

"చెవిలో పొయ్యవే! చెవిలో!" సుంకప్ప గొంతు చించుకున్నాడు. "వీపు మీద పోస్తే అదెట్ల విదిలిస్తాది? ఆ పొద్దు నేను పోసింది చెవిలోనే! మా నాయన నేర్పిచ్చిన మర్మం. తల్లి ఒప్పుకోలే, ఏమీలే! గడ్డి కోసరం నేనే ఆడిన నాటకం. నన్నేమన్నా చెయ్యండప్పా, దాన్ని ఇడిసిపెట్టండి!" అని పొట్టేలు మెడ కావలించుకుని పసిపిల్లాడిలా ఏడ్చేశాడు.

ముందు ముసలి పాపమ్మ కిసుక్కుమంది. దాంతో కట్ట తెగినట్టు ఊరంతా నవ్వింది. ఈరక్క చెంబు కింద పెట్టింది.

"విన్నారు గదప్పా! తల్లి ఒప్పుకోనే లేదంట. ఒప్పుకోని జీవాన్ని బలి ఇస్తే తల్లికే కోపం. కాబట్టి ఇది మారెమ్మ పొట్టేలు కాదు. మా ఇంటి పొట్టేలు," అని ఒక్క క్షణం ఆగింది. "మా ఇంటి పొట్టేలు చట్టం తప్పి గుట్టెక్కి మేసింది. దానికేం శిచ్చో మీకందరికీ తెలుసు."

"మరి డేగిసాలోకి ఏం ఏస్తాం వదినా?" హనుమంతరాయుడి మొహం వాడిపోయింది.

"కందిబేడలు నానబోసే వచ్చినా. పప్పుచారు కాసుకుందాం."

నానబోసే వచ్చిందట! సుంకప్ప ఏడుపు ఆపి పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఆమె ఎటో చూస్తూ కొంగు సర్దుకుంది.

"నీకు ముందే తెలుసునా?" అన్నాడు మెల్లగా.

"గొర్రెలోళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని. మా నాయనకు మాత్రం చెవులు తెల్దా?"

సుంకప్ప కట్ట కట్టాడు. కట్టినన్నాళ్ళూ యువరాజు కింద తాడుకు కట్టేసి ఉండి, తన మూలంగా ఆయన పడుతున్న పాట్లు చూస్తూ కోసిన గడ్డి నమిలింది. చల్లారిన సంగటేమీ కాదన్నట్టు గంపలు గంపలు తినేది. పౌరుషం కొద్దీ సుంకప్ప అందరికంటే పొడుగ్గా, అందరికంటే గట్టిగా కట్టాడు. రాయికీ రాయికీ మధ్య వేలు దూరదు. గడ్డి విత్తనం రాలింది. ఆ వెంటనే పెద్ద వాన ఒకటి పడింది. పొద్దున పోయి చూస్తే కట్ట వెనకాల ఎర్రటి నీళ్ళు నిండుగా నిలబడి ఉన్నాయి, పక్క ఊరికి పోయే తొందరేమీ లేనట్టు.

ఇక మిగిలింది పేరు ప్రకటించడం. మారెమ్మ గుడి ముందర మళ్ళీ ఊరంతా చేరింది. ఈసారి ఎవరికీ పొట్టేలు మీద ఆశ లేదు, అందరి చూపూ ఈరక్క నోటి మీదే. సుంకప్ప మీసం దువ్వడం మానేసి, చేతులు కట్టుకుని ఒక మూల నిలబడ్డాడు. ఈరక్క గొంతు సవరించుకుంది. ఎర్రబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ తీసేసింది.

"నేను చెప్తాలే వదినా," అన్నాడు హనుమంతరాయుడు జాలిపడి.

"నువ్వుండప్పా. చట్టం చట్టమే," అంది ఆమె. కళ్ళు గట్టిగా మూసుకుని, గుట్టకు వినపడేంత గొంతుతో పలికింది.

"సుంకప్ప కట్ట!"

సిగ్గుతో తల వంచుకోవాల్సిన మనిషి తల ఎత్తాడు. ఆమెతో కలిసి ఇన్నేళ్ళు సంగటి తిన్నాడు, పిల్లల్ని కన్నాడు, కరువులు ఈదాడు. ఆమె నోట తన పేరు వినడం ఇదే మొదలు. తన పేరు ఇంత బాగుంటుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. జనం నవ్వుతున్నా పట్టించుకోకుండా దగ్గరికి పోయాడు.

"సరిగ్గా ఇనపళ్ళేదు మే. ఇంగోసారి చెప్పు."

"ఇంగో తప్పు చెయ్యి. ఇంగోసారి చెప్తా," అంది ఈరక్క ఇంకా కళ్ళు తెరవకుండానే.

సుంకప్ప తల తిప్పి గుట్ట వైపు చూశాడు. పై వాలులో ఇంకా బోలెడు చోటుంది.